బ్యాంకు వేలంలో ఇల్లు: చౌకధర వెనుక చదవవలసిన ప్రకటన

సొంత ఇల్లు సామాన్యునికి అందని కాలంలో, బ్యాంకు వేలంలో ఇల్లు చౌకగా దొరుకుతుందన్న మాట బళ్ళారి, కోలారు, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలను ఆకర్షించడం సహజం. అయితే ఆ చౌకదనం బ్యాంకు ఇచ్చే రాయితీ కాదు. కొన్నవారు తమ నెత్తిన వేసుకొనే చిక్కులను బట్టి తగ్గిన ధర అది.

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, అప్పు మొండిబాకీగా మారిన పిమ్మట బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆలోగా బాకీ తీరనిచో కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనపరచుకొని వేలం వేయవచ్చు. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. వేలం ప్రకటన రెండు పత్రికలలో రావాలి. వాటిలో ఒకటి స్థానిక భాషాపత్రిక కావాలి. సరిహద్దు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కర్ణాటకలో ఆ భాష సాధారణంగా కన్నడం, తమిళనాట తమిళం. తెలుగు మాత్రమే చదివేవారి కంట అది పడకపోవచ్చు.

దీని ఫలితం చిన్నది కాదు. 2016 సవరణ తరువాత, వేలం ప్రకటన వెలువడడంతోనే ఇంటిని విడిపించుకొనే హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కనుక అప్పు తీసుకొన్నవారు మొదటి నోటీసు నాడే మేల్కొనాలి. అభ్యంతరం వ్రాసి ఇచ్చినచో బ్యాంకు 15 రోజులలో బదులీయాలి. స్వాధీనంపై 45 రోజులలోగా ఋణ వసూలు ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు.

కొనేవారి కష్టం వేరు. పాట దక్కినవారు ధరావతుతో కలిపి 25 శాతం ఆనాడే లేదా మరుసటి పనిదినాన చెల్లించాలి. మిగిలినది అమ్మకం ఖరారైన 15 రోజులలో కట్టాలి. వ్రాతపూర్వకంగా అంగీకారం కుదిరినచో గడువు మూడు నెలలు మించకుండా పెరగవచ్చు. 20 లక్షల ఇంటికి ముందే 5 లక్షలు కావాలి. గడువు తప్పితే ఆ 5 లక్షలూ పోతాయి. అటువంటి జప్తును 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఋణం మంజూరవుతుందన్న ఆశ ఒక్కటే పెట్టుబడిగా పాటకు దిగరాదు.

పైగా ఇల్లు 'ఉన్నది ఉన్నట్లుగానే' అమ్ముతారు. బ్యాంకు చేతికి తాళాలు వచ్చాయా, లేక కాగితం మీది స్వాధీనమేనా? లోపల కాపురమున్నది ఎవరు? కేసు నడుస్తున్నదా? ఇంటిపన్ను, కరెంటు బిల్లు బాకీలెంత? నిబంధనలు అనుమతించిన చోట పాత కరెంటు బాకీని వేలంలో కొన్నవారి నుండి కోరవచ్చునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఈసీ తీసుకొని, పాత దస్తావేజులతో సరిచూడడం తప్పనిసరి. కన్నడ, తమిళ బడులలో చదివే పిల్లలు నేడు మన ఇళ్ళలో అనేకులున్నారు. గోడకు అంటించిన నోటీసునైనా, పత్రికలోని ప్రకటననైనా ముందుగా వారిచేత చదివించి, అటుపిమ్మట న్యాయవాదికి చూపాలి. ఇల్లు నిలుపుకోవాలన్నా, కొనాలన్నా తొలి అడుగు అదే.