వెచ్చని ఆపిలు పానకము

ఈ శీర్షిక క్రింద నింతవరకు మన యిండ్లలోని పానకములను, కషాయములను గూర్చియే ముచ్చటించితిని. ఈ మాసమున దూరదేశపు పానీయమొకటి మీ యెదుట నుంచుచున్నాను. అది అమెరికాలో ఆకురాలు కాలమున, అనగా మన ఆశ్వయుజ కార్తికములలో, నలుగురు కూడినచోట వెచ్చవెచ్చగా నిచ్చెడి ఆపిలు పానకము. మన యాడపడుచు లనేకులా దేశమున కాపురములు చేయుచున్నారు. వారి బొమ్మలకొలువు పేరంటములలోను, దీపావళి విందులలోను ఇది కాఫీతో సమానముగా చోటు సంపాదించినది. పెక్కురు దీనిలో రమ్మునో బ్రాందీనో కలిపి యిత్తురు. ఈ పానీయము చేయు పద్ధతిని చెప్పుటయేగాక, దీనిని వడ్డించు మర్యాదను గూర్చియు నేడు చెప్పదలచితిని. చేయుట సులభము, వడ్డించుటయే కష్టము.

ముందుగా పేరు సంగతి. ఆ దేశమున దీనికి మూలమైన రసమును సైడరు అందురు. ఇంగ్లండులో సైడరనిన పులిసి మత్తెక్కించునది. అమెరికాలోనో, వట్టి సైడరనిన పులియని తియ్యని రసము. పులిసినదానిని హార్డు సైడరు అందురు. అక్కడ 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధ శాసనము నడచినది. ఆ కాలమున పులియని రసమునకే ఆ పేరు మరింత స్థిరపడినది. కావున పరదేశమున నెవరైన సైడరు త్రాగుమనిన, అది యే సైడరో యడిగి తెలిసికొనుట మంచిది.

తోటలలో పండ్లను కడిగి, తొక్కతోడనే నలుగగొట్టి, ఆ పిప్పిని గుడ్డలలో చుట్టి, పలకల నడుమ నుంచి మరచుట్టుతో నొత్తి రసము తీయుదురు. వడియగట్టి తేటపరుపరు గనుక రసము మన పాతబెల్లపు పానకమువలె గోధుమవన్నెతో, కొంచెము మడ్డిగా నుండును. గాలి తగులుటవలననే ఆ వన్నె వచ్చును. అది దోషము కాదు. తీపి పండ్లను పుల్లని పండ్లను కలిపి తీసిన రసమే రుచి. వట్టి తీపి రసము కాచినచో వెగటు పుట్టును.

ఇందొక జాగ్రత్త యున్నది. నేలరాలి పశువుల పేడ, లేళ్ల పెంటికలు సోకిన పండ్లు కలిసినచో రసమున క్రిములు చేరును. 1996వ సంవత్సరమున కాచని ఆపిలు రసము త్రాగి అమెరికా పడమటి రాష్ట్రములలో పలువురు రోగగ్రస్తులైరి. ఒక పసిబిడ్డ మరణించెను. 1998 మొదలు, కాచని రసపు సీసాలపై హెచ్చరిక ముద్రింపవలెనని యచ్చటి ప్రభుత్వము నియమము చేసినది. తోటలో కొన్న పచ్చిరసమును 71 డిగ్రీల సెంటీగ్రేడు వరకైనను కాచక పిల్లలకును, గర్భవతులకును, ముసలివారికిని ఇయ్యరాదు. మన పానకము కాచునదే గనుక ఈ భయము తీరును.

ఇక చేయు విధానము. ఎనిమిదిమందికి రెండు లీటర్ల రసము చాలును. పాత్ర ఉక్కుదిగాని, పింగాణీ పూతగలదిగాని కావలెను. కళాయి లేని యిత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదని మన పెద్దలు చెప్పిన కారణమే యిక్కడను వర్తించును: ఆపిలు రసమున పులుపున్నది, అది లోహమును కరచును. రసములో అంగుళమున్నర పొడవు దాల్చినచెక్కలు మూడు, లవంగములు ఎనిమిది, అల్లపు ముక్క చిన్నది, అనాసపువ్వు ఒకటి చేర్పవలెను. వీనిని పలుచని గుడ్డలో మూటగట్టి వేసినచో పిల్లల గొంతున లవంగము అడ్డుపడునను భయముండదు. కమలాపండు నొకదానిని తొక్కతో చక్రములుగా కోసి, గింజలు తీసి వేయవలెను. సన్నని సెగపై ముప్పదినిమిషములుంచవలెను. అంచున చిన్నబుడగలు లేవవలెను గాని తెర్లరాదు. తెర్లినచో కమలాతొక్క చేదు దిగును, పరిమళము పోవును. చివర జాజికాయ రవ్వంత అరగదీసి వేసిన చాలును. చక్కెర వేయ నక్కరలేదు. ఒక కప్పు రసమున, అనగా 240 మిల్లీలీటర్లలో, సుమారు 24 గ్రాముల చక్కెర స్వభావముగనే యున్నది. మధుమేహము గలవారికి అరకప్పే మేలు.

మద్యము మాట యింకను చెప్పలేదని కొందరనుకొనవచ్చును. అది చెప్పుటకు ముందు నా వలన జరిగిన తప్పు నొకదానిని చెప్పవలసియున్నది.

రెండేండ్ల క్రిందట న్యూజెర్సీలో కాపురమున్న మా చెల్లెలి యింట కొన్నాళ్లుంటిని. కార్తికమాసమున నొక సాయంకాలము వారి స్నేహితుల యింటికి విందుకు పోయితిమి. పొయ్యిమీద నొక పెద్ద పాత్రలో ఈ పానకము కాగుచుండెను. ఇల్లంతయు లవంగముల వాసన గుబాళించుచుండెను. కొత్తచోట చేతులు ముడుచుకొని కూర్చుండలేక నేనే గరిటె చేతబట్టి వచ్చినవారి కెల్లరకు పోయసాగితిని. అచ్చటికి కొడుకు నొద్దకు వచ్చియున్న పెద్దావిడ యొకరు వచ్చిరి. ఆమెకు నక్తవ్రతము. పగలంతయు నుపవసించి, వాకిట నిలిచి నక్షత్రదర్శనము చేసికొని, చలికి వణకుచు లోనికి వచ్చిరి. వెచ్చనిది ముందుగా గొంతు తడుపునని నేనొక కప్పు నిండుగా పోసి చేతికిచ్చితిని.

రెండు గుక్కలు త్రాగి ఆమె, “అమ్మాయీ, ఇందులో ఏమి వేశారు?” అని యడిగిరి. నేను ధీమాగా, “ఆపిలు రసమండీ. దాల్చినచెక్క, లవంగాలు, అంతే” అంటిని. ప్రక్కనున్న యిల్లాలు నవ్వుచు, “కాస్త రమ్ము కూడా పడింది లెండి పిన్నిగారూ. అంతసేపు కాగింది, ఇంకా ఏముంటుంది?” అనిరి.

పెద్దావిడ కప్పును మెల్లగా బల్లపై నుంచిరి. కోపింపలేదు. నా మొగము చూచి, “నువ్వు తెలియక పోశావు తల్లీ, నేను తెలియక తాగాను. తెలిసినవాళ్లు చెప్పకపోవడమే బాగులేదు” అని మాత్రమనిరి. ఆ రాత్రి వారేమియు భుజింపలేదు. ఎదుట నిన్ని పదార్థములున్నను నా చేయి విస్తరిపైకి పోలేదు.

అదే విందులో మరియొకటి చూచితిని. ఒక చిన్నకోడలు కప్పు వలదనెను. “ఏమిటి, విశేషమా?” అని యిద్దరు ముగ్గురు నవ్వుచు చుట్టుముట్టిరి. ఆ పిల్ల మొగము కందినదై, కప్పు నందుకొని, ఎవరును చూడకుండ వంటయింటి తొట్టిలో నొంపివేసెను. రెండవనెల యనియు, అంతకుముందొకసారి గర్భము నిలువలేదనియు, అందుచే నెవరికిని చెప్పలేదనియు తరువాత తెలిసినది. గర్భవతులకింత మద్యము హానిలేదని నిర్ణయించిన పరిమాణమేదియు లేదని వైద్యులు చెప్పుచున్నారు. ఆ పిల్ల చేసినదే సరి. కాని తన కడుపులోని బిడ్డను కాపాడుకొనుట కామె దొంగవలె ప్రవర్తింపవలసి వచ్చుట మన యాతిథ్యమునకు కళంకము కాదా?

ఆదిపర్వములోని కచుని కథ మీరెరుగనిది కాదు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుల కిచ్చిరి. ఆయన యెరుగక త్రాగెను. తరువాత సురాపానమును నిషేధించుచు శాసించెను. ఈ కథను మద్యపుదోషమునకు నిదర్శనముగా మనవారు చెప్పుదురు, అది నిజమే. కాని నాకా రాత్రి నిదురపట్టక తలచుకొన్నప్పుడు మరియొక సంగతి తోచినది. అంతటి గురువు మోసపోయినది పాత్రలో నేమున్నదో యిచ్చినవారు చెప్పకపోవుటచేతనే. రాక్షసులు ద్రోహబుద్ధితో దాచిరి; మనము నవ్వులాటగా దాచెదము. త్రాగినవారికి మాత్రము రెండును ఒక్కటే.

ఆ యిల్లాలు చెడ్డవారు కారు. కాచినచో మద్యమెగిరిపోవునని నమ్మిరి. ఈ నమ్మకము మనలో చాలమందికి గలదు గనుక నిజము చెప్పుచున్నాను. మద్యసారము 78 డిగ్రీలకే మరుగుననుట వాస్తవము. అయినను నీటితోను రసముతోను కలిసినప్పుడది యొక్కమారుగా విడిపోదు. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికనుబట్టి, కలిపి సన్నని సెగపై నుంచిన పదార్థమున పదునైదు నిమిషములకు నూటికి 40 పాళ్లు, అరగంటకు 35 పాళ్లు, గంటకు 25 పాళ్లు మద్యము నిలిచియుండును. రెండున్నర గంటలు కాచినను 5 పాళ్లు మిగులును. కావున “కాగినది గదా” యనుమాట వ్రతమున్నవారికిగాని, గర్భవతికిగాని, నిద్రమందులు, మధుమేహపు మందులు వాడువారికిగాని సమాధానము కానేరదు.

కాబట్టి నేను చెప్పు పద్ధతి యిది. పొయ్యిమీది పెద్దపాత్రలో మద్యము చుక్కయైనను పడరాదు. అది పసివారు మొదలు పండుముదుసలులవరకు అందరిది. ఏ యింట మద్యము ముట్టెడి ఆచారమున్నదో, ఆ యింట దాని సీసాను వేరుగా, దూరముగా, పిల్లల చేతి కందనిచోట, పేరు కనబడునట్లుంచవలెను. కావలసినవారు తమ కప్పులో తామే పోసికొందురు. కొలత 45 మిల్లీలీటర్లకు మించరాదు. ఆ దేశపు లెక్కలో అదియే ఒక పూర్తి పాలు. తీపిలో కలిసినపుడు కారము తెలియదు గనుక చేతి అంచనా పనికిరాదు, కొలగిన్నె ప్రక్కనే యుంచవలెను. మంటయెదుట సీసా వంచరాదు. దాని యావిరి అంటుకొనును. కారు నడిపి యిల్లు చేరవలసినవారు దీనిని ముట్టకుండుటయే క్షేమము.

ఒకవేళ ముందే కలిపియుంచిన పాత్ర యొకటి తప్పనిసరియైనచో, రెంటికిని వేరువేరు గరిటెలు, వేరువేరు వన్నెల కప్పులు నుంచి, ఏది యేదో కాగితముపై తెలుగునను ఇంగ్లీషునను వ్రాసి యంటింపవలెను. వడ్డించు నామె కప్పు చేతికిచ్చుటకు ముందే “ఇది వట్టిది”, “ఇది కలిపినది” అని నోట చెప్పవలెను. ఎవరైన వలదన్నచో “ఎందుకు?” అని యడుగరాదు. వలదనుటకు కారణము చెప్పుకొనవలసిన పని అతిథికి లేదు. ఒకే తీరు కప్పులలో వట్టి పానకము అందరి చేతను నున్నపుడు, ఎవరేమి త్రాగుచున్నారో ఎవరికిని పట్టదు. చిన్నకోడలి రహస్యము ఆమెదిగానే యుండును. పెద్దావిడ వ్రతము చెడదు.

మన యూళ్లలో సైడరు దొరకదని విచారింపనక్కరలేదు. 1916 ప్రాంతమున శామ్యూల్ స్టోక్సు అను ఆయన అమెరికా ఆపిలు మొక్కలను తెచ్చి సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో నాటెను. ఆ జాతి పండ్లే నేడు హిమాచలమునుండి మన బజారులకు వచ్చుచున్నవి. కిలో పండ్లను బాగుగా కడిగి, గింజలు తీసి, ముక్కలు కోసి, లీటరున్నర నీటిలో పైన చెప్పిన సంబారముతో సన్నసెగపై గంటసేపు ఉడికించి, గరిటెతో మెదిపి, గుడ్డలో వడియగట్టినచో ఆరుగురికి పానకము సిద్ధమగును. పులుపు చాలకున్న నిమ్మరసము నాలుగు చుక్కలు, తీపి చాలకున్న బెల్లపుపొడి కొంచెము. కార్తికదీపములు పెట్టివచ్చిన చలిచేతులకు దీని గిన్నె హాయినిచ్చును.

నేను స్వదేశమునకు వచ్చుటకు ముందు మా చెల్లెలి యింట చిన్న విందు చేసితిమి. ఆ పెద్దావిడను స్వయముగా పోయి పిలిచితిని. వచ్చునో రాదో యని గుండె పీచుపీచుమనుచుండెను. వచ్చిరి. నేను మూత తీసి పాత్ర చూపి, వేసిన వస్తువు లొక్కటొక్కటిగా చెప్పి, అప్పుడు కప్పు చేతికిచ్చితిని. ఆమె యంతయు విని, చిరునవ్వుతో, “ఇంత చెప్పాక ఇంకేం భయమమ్మా, పొయ్యి” అనిరి. రెండవ కప్పు కూడ పుచ్చుకొనిరి.

సోదరీమణులారా! అతిథి మన చేతికప్పు నందుకొనునపుడు మనలను నమ్మి యందుకొనును. పదార్థము రుచిగా నుండుట మన నేర్పు. అందేమున్నదో చెప్పుట మన ధర్మము. నేర్పు కొంచెము తగ్గినను అతిథి క్షమించును.