కృష్ణా నీళ్లు వచ్చాయి సరే, వంకల మాటేమిటి?

2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణమ్మకు జలహారతి ఇచ్చారు. కుప్పం గడ్డ మీద ఆ నీళ్లు చూసి సంతోషించనివాళ్లు ఉండరు. అయితే ఆ తర్వాత ఒక మాట బాగా బలపడింది. "కాలువ వచ్చింది కదా, చెరువులు నింపుకుంటే చాలు. చెరువుకు నీళ్లు తెచ్చే వంకలు, నిండితే పొర్లే మొరవలు, నీళ్లు పంచే నీరుగంటి లెక్కలు తాతల నాటివి. ఇప్పుడు ఇంజనీర్లున్నారు, జేసీబీలున్నాయి" అంటున్నారు. కుప్పం దగ్గరి మన గుడుపల్లె రచ్చకట్ట మీదా ఇదే మాట, ఆఫీసుల్లోనూ ఇదే మాట. ఇది తప్పు. నమ్మితే మన చెరువులను మనమే చంపుకుంటాం.

ముందు కాలువ సంగతి. ఈ నీళ్లు తెచ్చిన హంద్రీ-నీవా శ్రీశైలం వరద నీటి మీద ఆధారపడిన పథకం. 40 టీఎంసీలను ఎన్నో చోట్ల మోటార్లతో ఎత్తిపోస్తూ తేవాలి. దారిలో కర్నూలు, అనంతపురం పొలాల దాహం తీరాకే చిట్టచివర ఉన్న మన వంతు. కృష్ణకు వరద రాని ఏడు ఏం చేస్తాం? నీళ్లు వచ్చిన ఏడు కూడా అవి ఒక చెరువు నిండి, మొరవ పోయి, వంక వెంట కింది చెరువుకు చేరాలి. ఆ వంకలో సర్కారు తుమ్మ అల్లుకుని, రాళ్లూ మట్టీ పోగుబడి, పక్క పొలం గట్టు ముందుకు జరిగి ఉంటే కృష్ణ నీళ్లకైనా, వాన నీళ్లకైనా దారి ఎక్కడ?

రెండోది, పూడికతీత. చెరువు ఎంత లోతు తవ్వితే అంత మేలని చాలామంది నమ్మకం. తూము దగ్గరికి వెళ్లి చూడండి. తూము గడప కంటే కిందికి తవ్విన గుంటలో నిలిచిన నీళ్లు మడికి పారవు. కొంత భూమిలోకి ఇంకుతాయి, తక్కినవి ఎండకు ఆవిరైపోతాయి. కట్ట పాదానికి ఆనుకుని తవ్వితే కట్టే బలహీనపడుతుంది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో నీరుగంటికి తెలుసు. వాన పడిన రాత్రి ఏ వంక ముందు వస్తుందో, కట్ట ఎక్కడ చెమ్మ పడుతుందో చూసి చూసి నేర్చుకున్నవాడు అతను. నీళ్లు తక్కువైన ఏడు తూముకు దగ్గరి మడులనే అందరూ పంచుకుని పండించుకునేలా నీళ్లు తిప్పింది అతనే. ఎక్కువ ఊళ్లలో ఆ పని చేసింది దళిత కుటుంబాలు. అందుకే కాబోలు, ఆ తెలివిని ఎవరూ చదువు కింద లెక్కకట్టలేదు.

పాతదంటే శాస్త్రం కాదనేవాళ్లు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి తెలుసుకోవాలి. 1369లో వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. పన్నెండు అంగాల్లో జలశాస్త్రం తెలిసిన మనిషి ఒకటి. దోషాల్లో ఒకటి, నీటి రాక తక్కువై విస్తీర్ణం ఎక్కువ కావడం. వంకలు వదిలేసి చెరువు కడుపు మాత్రం తవ్వుతున్న మనం ఆ దోషాన్నే డబ్బు పెట్టి కొంటున్నాం.

అలాగని తాతలకు అన్నీ తెలుసనడమూ సరికాదు. వెయ్యి అడుగుల బోరు వాళ్ల లెక్కలో లేదు. ఆ లోతులో నల్లరాయి పగుళ్లలో ఎంత నీరుందో, అందులో ఫ్లోరైడ్ ఎంతో కంటికి కనబడదు. దానికి కొలబద్ద కావాలి, ప్రయోగశాల కావాలి. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏపీఫామ్‌జీఎస్ ప్రాజెక్టు చిత్తూరు సహా ఏడు కరువు జిల్లాల్లో ఈ కొలత పనిని రైతుల చేతికే ఇచ్చింది. వాళ్లే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం రాసుకున్నారు, ఊరంతా కూర్చుని ఉన్న నీటికి తగ్గ పంట లెక్క వేసుకున్నారు. ఊరి అనుభవమూ శాస్త్రమూ కలిస్తే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం.

ఇక వరద సంగతి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి, కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. చెరువును పట్టించుకోకపోతే కరువులోనే కాదు, వరదలోనూ ముప్పే.

అందుకే గుడుపల్లెలో ఏ చెరువు పనికైనా ఎస్టిమేటు రాసేముందు ఇంజనీరు, సర్వేయరు, నీరుగంటి ముగ్గురూ కలిసి వంక మొదలు నుంచి మొరవ దాకా నడవాలి. వంక హద్దులు సర్వే కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ)తో సరిచూసి రాళ్లు నాటాలి. బోర్ల నీటిమట్టం, ఫ్లోరైడ్ పరీక్ష ఫలితాలు ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. నీరుగంటికి నెల జీతం ఇవ్వాలి. ఇవి లేకుండా చెరువు పేరుతో వచ్చే ఏ బిల్లునూ గ్రామసభ ఒప్పుకోకూడదు.