కొలువు వచ్చేదాకా బతుకు ఆగాలా?

తెల్లవారగానే జనగామ, మహబూబాబాద్‌ రైల్వేస్టేషన్లలో పుస్తకాల సంచులతో యువతీయువకులు కనిపిస్తారు. భూపాలపల్లి పిల్లలు పరకాల మీదుగా బస్సులో వెళతారు. అందరి దారీ హనుమకొండకే. కాలేజీలకు వెళ్లేవారు కొందరు. డిగ్రీ ముగించి పోటీ పరీక్షల శిక్షణకు వెళ్లేవారు మరికొందరు. చదివి ఏం చేస్తావని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: సర్కారు కొలువు.

ఈ ఆశ తప్పు కాదు. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. వాన కోసం ఆకాశం కేసి చూడనక్కరలేదు. మిర్చి ధర పడిపోయి తండ్రి కుంగిపోవడం కళ్లారా చూసిన పిల్లవాడు ఇంకేం కోరుకుంటాడు?

అయితే లెక్క కూడా చూసుకోవాలి. 2022 డిసెంబరులో ప్రకటించిన గ్రూప్‌-4 ఉద్యోగాలు 8,039. దరఖాస్తులు 9 లక్షలు దాటాయి. అంటే నూటికి ఒక్కరికైనా దక్కే వీలు లేదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్‌-1 ప్రిలిమినరీ పరీక్ష ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో రద్దయింది. ఆ జూన్‌లో మళ్లీ జరిపితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. తప్పు పరీక్ష జరిపినవారిది. పోయిన కాలం పిల్లలది. గది అద్దె, శిక్షణ ఫీజు ఇంటి అప్పులో కలిశాయి.

ప్రభుత్వం చెప్పిన తేదీకి సక్రమంగా పరీక్ష జరపాలి. కాలేజీల బాధ్యతా తక్కువ కాదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. చెల్పూరులో థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం ఉంది. పెంబర్తి ఇత్తడి పనికి దేశమంతటా పేరుంది. అందరికీ అక్కడ చోటు దొరకదు, నిజమే. కానీ ఏ చదువుతో ఏ పని చేయవచ్చో మొదటి ఏడాదిలోనే పిల్లలను తీసుకెళ్లి చూపించాలి. చివరి పరీక్ష రాసి బయటకొచ్చాక ఆలోచించమంటే ఆలస్యమవుతుంది.

ఇంట్లో కూడా ఒక మాట అనుకోవాలి. పరీక్షలకు ఎన్నేళ్లు చదవాలో ముందే గడువు పెట్టుకోవాలి. ఆ గడువులోనే చేతికి మరో పని నేర్చుకోవాలి. నేర్చిన పని పరీక్షకు అడ్డు కాదు, పరీక్ష పోయిననాడు అండ.

అన్నిటికన్నా ముందు మారవలసింది ఊరి చూపు. పాలకుర్తి దగ్గరి బమ్మెర మన పోతన ఊరని, నాగలి పట్టిన చేతితోనే భాగవతం రాశాడని గర్వంగా చెప్పుకుంటాం. డిగ్రీ చదివినవాడు నాగలి పట్టినా, పానా పట్టినా మాత్రం చదువు దండగైందంటాం. పిల్లనివ్వడానికి వెనకాడతాం. ఆ మాటకు భయపడే ఎందరో పిల్లలు ముప్పై ఏళ్లు వచ్చినా పుస్తకాల సంచి దించడం లేదు. ఇకనైనా కనిపించిన ప్రతి పిల్లవాణ్నీ కొలువొచ్చిందా అని అడగడం మానుదాం. ఏం పని నేర్చావని అడుగుదాం.