ఏజెంటు కంటే ముందు కాలేజీ చెప్పాలి

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి విద్యార్థులకు విదేశీ చదువు ఆలోచన డిగ్రీ చివరి ఏడాదిలో మొదలైతే ఆలస్యమైనట్టే. జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతాయి కనుక ముందే రాయడంలో నష్టం లేదు. ఆలస్యం చేస్తే పోయేది దేశాన్నీ కోర్సునూ ఎంచుకునే వీలు. ఇక ఖర్చు సంగతి చూస్తే, విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఆస్తి అంటే జీడితోట, కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వాటిని ఎలా నేలకూల్చిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మిగిలిన తోటను తాకట్టు పెట్టకముందే ఖర్చు తక్కువ దారులు వెతకాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. అయితే వీసా కోసం ఏడాది జీవన వ్యయం కింద దాదాపు 12 వేల యూరోలు చూపించాలి. ఆ డబ్బుకూ, పత్రాలకూ వ్యవధి కావాలి.

కన్సల్టెన్సీలు ఉచితంగానే అన్నీ చూస్తాయి కదా అంటారు. వాటిలో చాలావాటికి ఆదాయం విశ్వవిద్యాలయాలిచ్చే కమీషనే. కమీషన్ ఇవ్వని చోటు గురించి విద్యార్థికి వాళ్లెందుకు చెబుతారు? పిల్లల్ని పంపేస్తే ఊళ్లు ఖాళీ అవుతాయన్న బాధ నిజమైనదే. కానీ ఉద్దానం నుంచి కూలికి వలస ఎన్నాళ్లుగానో సాగుతోంది; చదువుకు వెళ్లేవారిని మాత్రమే ఆపడం ఏం న్యాయం? ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల్లో డిగ్రీ రెండో ఏడాదిలోనే ఈ లెక్కలన్నీ విప్పి చెప్పే సలహా కేంద్రాలు పెట్టాలి. విదేశీ దరఖాస్తులకు కావాల్సిన ట్రాన్‌స్క్రిప్టులు కూడా విద్యార్థి జిల్లా దాటనక్కర్లేకుండా, గడువులోగా చేతికందాలి.