'సబర్ కర్' అనే ముందు నబ్జ్ పట్టుకోండి



మన ఇళ్లల్లో దిల్ జబ్బు వచ్చిన మనిషికి డాక్టర్ చీటీ కంటే ముందు అందే మందు ఒకటుంది. "కుచ్ నై హోతా, సబర్ కర్." అమ్మీ చెప్తుంది, ఖాలా చెప్తుంది, మస్జిద్ మెట్ల మీద కలిసిన చాచా చెప్తాడు. అందరూ ముహబ్బత్‌తోనే చెప్తారు. ఆ మాట మీదే నా షికాయత్. కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదవండి.

6 ఏళ్ల కింద దసరా రాత్రి నేను దేవరగట్టులో ఉన్నాను. హొళగుంద మండలంలో కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. ఆదోని వైపు పనిచేసే జర్నలిస్టులకు తప్పని డ్యూటీ అది. అర్ధరాత్రి కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాల కోసం ఒకవైపు నెరణికి, నెరణికితండా, కొత్తపేట వాళ్లు, ఇంకోవైపు అరికెర, సుళువాయి, ఎల్లార్తి, విరుపాపురం లాంటి ఊళ్ల వాళ్లు దివిటీల వెలుగులో కర్రలు ఎత్తుతారు. తలలు పగులుతాయి. గాయానికి పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. అది వాళ్ల మొక్కు, వాళ్ల నమ్మకం. దాని మీద తీర్పు చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఆ రాత్రి డప్పుల మోత నా ఛాతీలో మోగుతోందనుకున్నాను. గుంపులోంచి పక్కకు వచ్చి ఒక రాయి మీద కూర్చున్నాను. డప్పులు దూరమయ్యాయి గానీ మోత తగ్గలేదు. ఒక దెబ్బ పడి ఆగుతుంది. ఇక మళ్లీ పడదేమో అనిపిస్తుంది. అంతలో గబగబా పది. లెక్క లేదు, తాళం లేదు. చేతులు చల్లబడ్డాయి. కలిమా చదువుకున్నాను.

వైద్య శిబిరం కనబడేంత దూరంలోనే ఉంది. అక్కడికి పోయాను కూడా. లోపల కుట్లు వేయించుకుంటున్నవాళ్లు, నెత్తుటి చొక్కాలతో నిలబడ్డవాళ్లు. నా ఒంటి మీద చుక్క నెత్తురు లేదు. నా వంతు వస్తే ఏమని చెప్పాలి? "సార్, భయంగా ఉంది" అనా? సిగ్గేసింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ సిగ్గు నాకు ఎక్కడినుంచి వచ్చింది? ఇంట్లోంచి వచ్చింది. తెల్లారి విషయం చెప్తే మొదట విన్న మాట, "కైకు ఘబ్రాతా రే? మర్ద్ హై నా తూ?" ఎండుమిర్చితో నజర్ తీశారు. 4 రోజులు 'సబర్' చేశాను. అయిదో రోజు ఈసీజీ తీస్తే డాక్టర్ కాగితం మీద ఒక పేరు రాశాడు: ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నన్ను చూసింది 2 నిమిషాలు. మందులు రాశాడు, "టెన్షన్ పడొద్దు" అన్నాడు. ఎలా పడకుండా ఉండాలో ఆయనా చెప్పలేదు.

ఈ జబ్బేంటో మనకు అర్థమయ్యేలా చెప్తాను. దిల్‌కు పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై గదిలో ఒక చోటినుంచి కరెంటు సిగ్నల్ పుడుతుంది, దాని వెనకే దిల్ అంతా కదులుతుంది. జమాత్‌లో ఇమామ్ తక్బీర్ చెప్తే సఫ్‌లన్నీ ఒక్కసారి రుకూలోకి వంగినట్టు. ఈ జబ్బులో ఇమామ్ గొంతు వినబడదు. పై గదుల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా ఎవరికి వాళ్లు తక్బీర్లు చెప్తుంటారు. పై గదులు సరిగా ముడుచుకోవు, వణుకుతాయి. మధ్యలో ఉన్న దర్వాజా వాటిలో కొన్నిటినే కిందికి వదులుతుంది కాబట్టి మనిషి బతుకుతాడు. కానీ వణికే గదిలో నెత్తురు నిలబడి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే ఫాలిజ్, అంటే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఆ ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే చెప్పింది.

అంటే నా దడ పిరికితనం కాదు, దిల్ కరెంటులో వచ్చిన ఖరాబీ. భయం దాని వెనక వచ్చింది. వచ్చాక అదే రెండో జబ్బై కూర్చుంది. రోజుకు 50 సార్లు నబ్జ్ పట్టుకుని చూసుకునేవాణ్ని. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలంటే భయం. సజ్దాలోకి వంగితే అక్కడే ఆగిపోతానేమోనని భయం. పిల్లల మీద కారణం లేకుండా అరిచేవాణ్ని. ఇలా నేనొక్కడినే కాదు. 2007లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవాళ్లను పరిశీలిస్తే, సుమారు మూడో వంతు మందిలో ఆందోళనో, దిగులో ఎక్కువ స్థాయిలో కనబడింది. 6 నెలల తర్వాత చూసినా తగ్గలేదు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, దిల్ ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, దాంతో ఇంకా భయం. ఈ చక్రాన్ని 'భయపడకు' అనే హుకుం ఆపలేదు.

మన భాషల దగ్గర కూడా ఈ తప్పు ఉంది. నేను ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను. రెండిట్లోనూ దిల్‌కు ధైర్యానికి ముడిపెట్టేశాం. తెలుగులో 'గుండె ఉన్నోడు' అంటే ధైర్యవంతుడు. ఉర్దూలో 'దిల్‌వాలా', 'దిలేర్' కూడా అంతే. అలాంటప్పుడు దిల్ జబ్బు మనిషి ఏమైనట్టు? యునానీ హకీములు గుండె దడను 'ఖఫఖాన్' అన్నారు. అది జబ్బు పేరు. అదే మాట జనం నోట్లో పడి 'ఖఫఖానీ' అంటే పిచ్చివాడు, వహ్మీ అని అర్థం మారిపోయింది. మరీజ్‌ను పాగల్ చేసేశాం. ఇబ్నె సీనా మాత్రం దిల్ మందుల మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాస్తూ, ఖుషీ, గమ్, ఖౌఫ్‌లకు దిల్‌తో ఉన్న సంబంధాన్నీ అందులో చర్చించాడు. వెయ్యేళ్ల కింద ఆ హకీమ్‌కు తెలిసింది మన మహల్లాకు ఇంకా తెలియకపోతే ఎట్లా?

ఇప్పుడు నా ఆపా సంగతి చెప్పాలి. ఇది రాస్తున్నది ఆమె కోసమే.

ఆపాకు 13 ఏళ్లప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. కొన్ని వారాలకు మోకాళ్లు వాచాయి. ఈడొచ్చే పిల్ల, మామూలే అన్నారు. అది రుమాటిక్ జ్వరం. గొంతులో వచ్చిన ఇన్ఫెక్షన్‌కు వేళకు పెన్సిలిన్ పడకపోతే కొందరు పిల్లల్లో ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడి కీళ్లను, దిల్ కవాటాలను దెబ్బతీస్తుంది. తర్వాత ఏళ్ల తరబడి ఆపా "ఘబ్రాహట్ హోరీ" అనేది. మేం నీళ్లు దమ్ చేయించి తాగించాం. ఎల్లార్తి దర్గాకు ఎన్ని జుమేరాత్‌లు తీసుకుపోయామో లెక్క లేదు. ఆ దర్గా మీద నా అఖీదత్ ఇప్పటికీ అలాగే ఉంది. తావీజ్ కట్టాలా వద్దా అనే బహస్ కూడా నేను పెట్టను. మా గునా వేరే. దర్గాకు తీసుకుపోయిన కాళ్లతో ఈసీజీకి తీసుకుపోలేదు.

పాతికేళ్లప్పుడు కవాటం సన్నబడిందని, నాడి లెక్క తప్పిందని తేలింది. నెత్తురు గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇచ్చారు. అదే ఏడాది ఎమ్మిగనూరు నుంచి రిష్తా వచ్చింది. జబ్బు మాట దాచాం. మాత్రల పట్టీని ఆమె పెట్టెలో చీరల అడుగున పెట్టి పంపాం. "వాళ్లకు చెప్పకు, సబర్ కర్, అల్లాహ్ ఖైర్ కరేగా" అన్నాం. అత్తగారింట్లో దాక్కుని మాత్ర వేసుకోవడం, నెలనెలా పుట్టింటి పేరు చెప్పి ఐఎన్ఆర్ పరీక్షకు రావడం ఎన్నాళ్లు సాగుతుంది? ఒక దశలో మానేసింది. ఫజర్ వేళ వజూ చేస్తూ పడిపోయింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది.

ఆమె సబర్ చేయక కాదు. మనం అడిగినదానికంటే ఎక్కువే చేసింది.

నాతో వాదించేవాళ్లు మూడు మాటలు అంటారు. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అవే అన్నవాణ్ని.

మొదటిది, భయం గురించి మాట్లాడితే ఈమాన్ కమ్‌జోర్ అని. అబూ దావూద్ హదీస్ కితాబ్‌లో ఒక రివాయత్ ఉంది. దాని సనద్ మీద ఉలమాలో బహస్ ఉన్నా, తిబ్బె నబవీ గురించి రాసేవాళ్లు దాన్ని తరచూ చెప్తారు. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (రజి) బీమార్ పడితే రసూలుల్లాహ్ (స) చూడటానికి వచ్చారు. ఛాతీ మీద చెయ్యి పెట్టారు. నీకు దిల్ తక్లీఫ్ ఉందని చెప్పి, హారిస్ బిన్ కల్దా అనే వైద్యుడి దగ్గరికి పొమ్మన్నారు. అజ్వా ఖజూర్ సంగతీ చెప్పారు. వరస చూడండి. ముందు మరీజ్ దగ్గరికి వచ్చారు, తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టారు, జబ్బుకు పేరు పెట్టారు, తబీబ్ దగ్గరికి పంపారు. మనం ఖజూర్ ఒక్కటే గుర్తు పెట్టుకున్నాం.

రెండోది, బయటికి తెలిస్తే ఆడపిల్ల రిష్తాలు ఆగిపోతాయని. ఆగుతాయి, నిజమే. కొన్ని ఆగుతాయి. కానీ దాచి చేసిన నికాలో పిల్ల తన మందును దొంగతనంగా మింగాలి. మెహర్ ఎంతో మస్జిద్‌లో మైకులో చెప్తాం, పిల్ల బతకడానికి కావలసిన మాత్ర పేరు మాత్రం చెప్పం. ఇది ఇజ్జత్ కాదు, ధోఖా. అవతలివాళ్ల కంటే ఎక్కువగా మన పిల్లకే చేసిన ధోఖా.

మూడోది, మౌత్ తక్దీర్‌లో ఉన్నప్పుడే వస్తుందని. నాకూ యఖీన్ ఉంది. కానీ ఆ మాట నబ్జ్ పట్టుకున్నాక, ఆస్పత్రికి పోయాక చెప్పాల్సింది. పోకుండా ఉండటానికి సాకుగా కాదు.

సర్కార్‌ను కూడా వదలను. బన్ని రాత్రి కోసం వందల మంది పోలీసులు, అంబులెన్సులు, తాత్కాలిక బెడ్లు కొండ కిందికి వస్తాయి. రావాల్సిందే. కానీ ఆ ఒక్క రాత్రి పోతే మిగతా 364 రోజులు అదే కొండ చుట్టూ ఉన్న ఊళ్ల ఆడవాళ్లు నెత్తురు పరీక్షకు ఆదోనికో, అక్కడినుంచి సుమారు 100 కిలోమీటర్లు పోయి కర్నూలుకో చేరాలి. ఒకరోజు కూలీ పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. పగిలిన తల కెమెరాకు కనబడుతుంది. వణికే దిల్ కనబడదు. మా పత్రికలవాళ్లం కూడా ఏటా పగిలిన తలలే లెక్కపెట్టి రాశాం. నేనూ రాశాను.

ఇక ఇంట్లో మనం చేయగలిగినవి. నేను చేసి చూసినవే చెప్తున్నా.

ఎవరైనా దడగా ఉందంటే ముందు మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, మూడు వేళ్లు ఆనించి పూర్తి 1 నిమిషం లెక్కపెట్టండి. కుదురుగా కూర్చున్న పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు. తాళం తప్పుతుంటే ఆ తారీఖు, టైము రాసిపెట్టుకుని ఈసీజీకి పోండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆలోచించకుండా 108. ఫాలిజ్‌కు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. ఆ గంటల్ని దమ్ చేయించడానికి ఖర్చు పెట్టకండి. దువా అంబులెన్స్‌లో కూడా చేయొచ్చు.

నా భయం తగ్గింది ఈ లెక్కతోనే. ఏది వస్తే పరిగెత్తాలి, ఏది వస్తే కూర్చుని చూడాలి అని డాక్టర్‌ను అడిగి రాయించుకున్నాను. బీవీకి, పెద్ద కొడుక్కి చూపించాను. ఇప్పుడు రాత్రి దడ వస్తే ఆమె నబ్జ్ పట్టుకుంటుంది, నేను జిక్ర్ చేసుకుంటాను. నేను ఒక్కణ్నే కాదన్న సంగతి సగం మందు. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకు 14416 ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మనసు డాక్టర్‌తో మాట్లాడినంత మాత్రాన ఎవరూ పాగల్ కారు.

రంజాన్ ముందు డాక్టర్‌ను అడగండి. మాత్ర టైము సహరీ, ఇఫ్తార్‌లకు సర్దగలిగితే సర్దుతారు. కుదరదంటే మరీజ్‌కు అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్ ఉంది. దాన్ని తీసుకున్నవాళ్లను చూసి మూతి తిప్పకండి. వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఇంకో వారం మానేయడం చేయొద్దు, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు.

ఖతీబ్ సాహెబులకు ఒక గుజారిష్. సబర్ మీద ఖుత్బా ఇచ్చే రోజు ఒక్క మాట కలపండి. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదని, ఇలాజ్ చేయించుకుంటూ, మాత్ర వేళ తప్పకుండా, భయాన్ని భయమని చెప్పుకుంటూ నిలబడటం కూడా సబరేనని.

ఆపా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. డాక్టర్లు చెప్పిందాన్ని బట్టి, ఇలాంటి ఫాలిజ్‌లో కొందరికి చిన్నప్పటినుంచి నోటికి వచ్చినవి మిగులుతాయట. ఆమె సూరె ఫాతిహా మొత్తం తడబడకుండా చదువుతుంది. కానీ దాహమేస్తే 'పానీ' అనలేదు. గ్లాసు వైపు చూపిస్తుంది.

పాతికేళ్లప్పుడు మాట ఉన్న రోజుల్లో తను చెప్పింది, "దిల్ ఘబ్రారా భయ్యా" అని. మేం వినలేదు. మీ ఇంట్లో ఎవరో ఈ రాత్రి అదే మాట అంటారు. సబర్ కర్ అనకండి. చెయ్యి చాపమనండి. నబ్జ్ పట్టుకోండి.

అల్లాహ్ మన మరీజ్‌లందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.