ముళ్లను కాళ్లనుకున్నారు



పోయిన వారం జువాలజీ క్లాసులో మా హాస్టల్ వాళ్లలో ఒకరం తప్పు సమాధానం చెప్పాం. క్లాసంతా నవ్వింది, సారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి మా బెంచీ మీద ఎవరమూ నోరు తెరవడం లేదు. ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మేం తప్పు చెబితే మా గూడెం మొత్తం తప్పు చెప్పినట్టు అనిపిస్తది. అందుకే రెండు ముళ్ల జీవుల సంగతి ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది హాలూసిజీనియా. కెనడాలోని బర్జెస్ షేల్ రాళ్లలో దొరికింది. వయసు దాదాపు 50 కోట్ల ఏళ్లు, పొడవు చిటికెన వేలంత కూడా ఉండదు. 1911లో వాల్కాట్ దీన్ని సముద్రపు పురుగుల్లో ఒకటి అనుకున్నాడు. 1977లో సైమన్ కాన్వే మోరిస్ మళ్లీ చూసి, ఇది వేరే జీవి అని కొత్త పేరు పెట్టాడు. కానీ బొమ్మ తలకిందులుగా గీశాడు! వీపు మీది ముళ్లను కాళ్లనుకున్నాడు, అసలు కాళ్లేమో వీపు మీది మెత్తటి కొమ్ములనుకున్నాడు. 1991లో చైనా శిలాజాలు చూసిన రామ్‌స్కోల్డ్, హౌ దాన్ని తిరగేశారు. అప్పటికీ తల ఏ వైపో గొడవే. 2015లో కళ్లు, పళ్లు కనబడ్డాకే తేలింది, అంతకుముందు తల అనుకున్నది శవం నుంచి బయటికొచ్చిన ద్రవం మరక అని.

రెండోది సాకోరైటస్. చైనాలోని షాంక్సీలో దొరికింది. 53 కోట్ల ఏళ్ల నాటిది, ఒక మిల్లీమీటరు ఉంటది. రాయిని పలుచటి ఆసిడ్‌లో కరిగించి, మిగిలిన గసిలో మైక్రోస్కోప్ పెట్టి ఏరాలి. చూడ్డానికి నోరున్న సంచి. 2017లో దాని ఒంటి మీది రంధ్రాలు చూసి, చేపల మొప్పలకు తొలి రూపం అన్నారు. అంటే మనుషులున్న పెద్ద కొమ్మలోకి చేర్చారు. పేపర్లన్నీ "మన తాత దొరికాడు" అని రాసుకున్నాయి. 2022లో వేరే బృందం ఇంకా చాలా శిలాజాలు తెచ్చి, గట్టి ఎక్స్‌రేలతో చూసింది. అవి రంధ్రాలు కావు, విరిగిపోయిన ముళ్ల మొదళ్లు! తాత కాస్తా పీతలు, పురుగులు ఉండే గుంపులోకి పోయాడు. (మలద్వారం కూడా లేదట. ఈ సంగతి మీద రాత్రి రూమ్‌లో గంట సేపు నవ్వుకున్నాం.)

2017 బృందంలో కూడా కాన్వే మోరిస్ ఉన్నాడు. రెండుసార్లూ ముళ్లే మోసం చేశాయి. అయినా ఆయన నోరు మూసుకుని వెనక బెంచీలో కూర్చోలేదు, పేరున్న శాస్త్రవేత్తగానే ఉన్నాడు. తప్పును ఆధారంతో సహా అచ్చేశాడు కాబట్టే ఇంకొకరు దాన్ని పట్టుకుని సరిచేయగలిగారు.

మా అభిప్రాయం ఏంటంటే, పాఠాల్లో చివరి జవాబు ఒక్కటే ఇచ్చి, దాని వెనక జరిగిన తప్పులన్నీ దాచడం మనలాంటోళ్లకు ఎక్కువ నష్టం. ఇంట్లో చదువుకున్నోళ్లు ఉన్న పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు, సైన్స్ ఇట్లా తడుముకుంటూనే నడుస్తదని. మనకు పుస్తకమే దిక్కు. పుస్తకంలో ప్రతి జీవికీ ఒక గడి ఉంటది, ఖాళీ గడి ఉండదు. నిజానికి శాస్త్రంలో "స్థానం తేలలేదు" అనడానికి కూడా ఒక పద్ధతైన ముద్ర ఉంది. లాటిన్‌లో ఇన్సెర్టే సెడిస్ అంటారు. అట్లా రాయడాన్ని అక్కడ ఎవరూ చిన్నతనంగా చూడరు. సాకోరైటస్ కూడా కొత్త గుంపులో సరిగ్గా ఎక్కడ కూర్చోవాలో ఇంకా తేలలేదు.

పరీక్షలో "తేలలేదు" అని రాస్తే మార్కులు పడతాయా అని ఒక అన్న అడిగాడు. పడవు. మార్కులు తగ్గితే ఏమవుతదో మాకూ తెలుసు, పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాస్తాం. మేం అడిగేది క్లాసు గురించి.

అనెలిడాకీ ఆర్థ్రోపోడాకీ మధ్య లంకె అని పెరిపేటస్ గురించి అందరం బట్టీ పట్టాం కదా. హాలూసిజీనియాను ఇప్పుడు దానికే దూరపు చుట్టం అంటున్నారు. మరి ఆ పాఠంలో ఈ ముళ్ల చుట్టం సంగతి ఎందుకు చెప్పరని సోమవారం సారును అడుగుతాం. పోయిన వారం తప్పు చెప్పినోళ్లమే లేచి అడుగుతాం.