పెరటి బావి పచ్చబడినప్పుడు



ఎండలు ముదిరి నీళ్లు అడుగంటే కాలమున దర్శి, పొదిలి, మార్కాపురం ప్రాంతములలో పెరటి బావులు, సిమెంటు తొట్లు పచ్చబడుట మనకు క్రొత్త కాదు. గుడ్డతో వడగట్టి త్రాగితే చాలునని కొందరు, గుప్పెడు బ్లీచింగ్ పౌడరు చల్లితే అంతా సరిపోవునని మరికొందరు అనుకొందురు. ఈ రెండును చాలవు. అందుచేత ఈ నెల ఆ సంగతినే వివరముగా చెప్పదలచితిమి.

నీటికి ఆ పచ్చరంగు తెచ్చేది నాచు. దానికి ఎండ కావలెను, కదలని నీరు కావలెను, ఆహారము కావలెను. బావిలో రాలిన ఆకులు, పక్షుల రెట్టలు, గట్టు మీద అంట్లు తోమిన నీళ్లు, పక్కనే కట్టిన పశువుల పేడ, ఇవే దాని ఆహారము. అవి లోపలికి పోయిన దారినే విరేచనములు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు కూడా పోవును. కాబట్టి పచ్చరంగును ఒక హెచ్చరికగా తీసికొనవలెను.

నాచు వంటిదే మరొకటి ఉన్నది. నీటిపై పచ్చని పెయింటు ఒలికినట్లు తెట్టె కట్టును. అందులో కొన్ని రకములు విషము పుట్టించును. ఆ నీరు మనుషులు త్రాగరాదు, పశువులకు పెట్టరాదు. కాచినను ఆ విషము పోదు. బ్లీచింగ్ వేస్తే అది చచ్చి, దానిలోని విషము నీటిలో కలియును. అందుచేత ముందు నీరు తోడించి పారబోయవలెను, ఆ తరువాతనే మందు.

బావిని తోడించి, పూడిక తీయించి, వరలను గట్టి బ్రష్షుతో రుద్దించండి. మనిషిని దించుటకు ముందు వెలిగించిన లాంతరు అడుగు వరకు దించి చూడండి. అది ఆరిపోతే ఎవరూ దిగరాదు. ఆరకపోయినను, దిగే మనిషి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకొని ఉండవలెను. డీజిలు ఇంజను ఎన్నడును బావిలోనికి దింపవద్దు. దాని పొగ ప్రాణము తీయును.

నీరు మరల ఊరిన తరువాత లెక్క కట్టండి. బావి అడ్డకొలతను అడుగులలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, వచ్చినదానిని 22తో హెచ్చిస్తే సుమారుగా లీటర్లు వచ్చును. 6 అడుగుల అడ్డకొలత, 10 అడుగుల నీరు ఉన్న బావిలో దాదాపు 8,000 లీటర్లు ఉండును. పచ్చబడిన బావిని కడిగిన తరువాత మొదటిసారి 1,000 లీటర్లకు 40 గ్రాముల చొప్పున, అనగా ఈ బావికి 320 గ్రాములు వేయవలెను. ఒక రోజంతా ఆ నీరు వాడక, మరునాడు ఘాటు పోయే వరకు తోడి పారబోయండి. ఆ తరువాత మామూలు శుద్ధికి 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చాలును, అనగా ఈ బావికి 20 గ్రాములు. చేతి అంచనా వద్దు, అంగడిలో తూయించుకొనండి.

పొడిని అలాగే బావిలో చల్లరాదు. ప్లాస్టిక్ బక్కెటులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, ముప్పాతిక వరకు నీరు పోసి కలియబెట్టి, పది నిమిషములు ఆగండి. అడుగున దిగేది సున్నము, దానిని పారవేయండి. పైన తేరిన నీటిని వేరొక బక్కెటులో పోసి, చాంతాడుతో నీటి మట్టము క్రిందికి దించి, బాగా కదిలించండి. ఎండకు క్లోరిన్ త్వరగా పోవును గనుక రాత్రి అందరూ నీళ్లు తోడుకొన్న తరువాత చేయుట మంచిది. కనీసము గంటసేపు ఆ నీరు ముట్టరాదు. గంట తరువాత క్లోరిన్ వాసన కొంచెమైనను లేకపోతే మందు చాలలేదన్నమాట, మరల వేయవలెను.

క్రొత్త బ్లీచింగ్ పౌడరులో దాదాపు మూడవ వంతు క్లోరిన్ ఉండును. మూత తీసి ఉంచితే గాలికి, తేమకు బలము పోవును. ఎన్నడో తెచ్చిన పొడిని నమ్మవద్దు. పిల్లలకు అందనిచోట పెట్టండి. మరుగుదొడ్డి కడిగే యాసిడుతో కలిపితే విషవాయువు పుట్టును, జాగ్రత్త. ఈతకొలనులలో వేసే క్లోరిన్ బిళ్లలను త్రాగే నీటి బావిలో వేయవద్దు. వాటిలో చాలావరకు వేరే రసాయనము కూడా కలిసి ఉండును.

మన సంఘముల ఆవరణలలోని బాప్తిస్మపు తొట్టి విషయములోను ఇదే జాగ్రత్త. ఏడాదికి కొద్దిసార్లే వాడి, మిగతా రోజులు నీరు నిలువ ఉంచితే నాచుతో పాటు దోమలును పెరుగును. పని అయిన వెంటనే నీరు వదిలి ఎండనివ్వండి. వాడే ముందు బ్లీచింగ్ నీళ్లతో రుద్ది, శుభ్రముగా కడిగి, క్రొత్త నీరు నింపండి. తీరా ఆ ఉదయము మందు ఎక్కువగా పోస్తే దిగినవారి కండ్లు మండును.

ఇంత చేసిన తరువాత నీరు తేటపడును, క్రిములు చచ్చును. కాని మన ప్రాంతపు తల్లిదండ్రులు ముఖ్యముగా ఎరుగవలసిన మాట ఒకటి ఉన్నది. తేటనీరంతయు మంచినీరు కాదు. మన నేలలోని ఫ్లోరైడును క్లోరిన్ తీయలేదు. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడునే గాని తగ్గదు. మన దేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వ్రాసినది నెల్లూరు జిల్లా పల్లెలను చూచియే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు దర్శి, పొదిలి, కనిగిరి ఆ జిల్లాలోనివే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే పిల్లల పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు పడును. ఇంకా ఎక్కువైతే పెద్దల నడుము, మెడ, కీళ్లు బిగుసుకొనును. ఒకసారి వంగిన ఎముకను మందు నిలబెట్టలేదు.

కాబట్టి బావి నీరు, బోరు నీరు ఎంత తేటగా కనబడినను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి వద్ద పరీక్ష చేయించండి. ఫ్లోరైడు ఎక్కువని తేలితే ఆ నీటిని స్నానమునకు, బట్టలు ఉతుకుటకు ఉంచి, త్రాగుటకును వంటకును కుళాయికి వచ్చే సాగరు నీరు గాని, ఫ్లోరైడు తీసిన నీరు గాని వాడండి. పిల్లలకు మొదటి చెంబు అందులోనుండే పోయండి. వారి పండ్లు ఏర్పడే వయస్సు అదే.

బావికి మూత, గట్టు చుట్టూ సిమెంటు చప్టా, వాడిన నీరు దూరముగా పోయే కాలువ, ఈ మూడును ఉంటే వచ్చే వేసవికి బావి పచ్చబడుట చాలావరకు తగ్గును. ఇల్లు శుభ్రము చేసికొన్నట్లే నీటిని కూడా కాపాడుకొందము.